దాని చక్రాలు దానికున్నయి

ఆ ఉదయం గంగన్న చేయవలసిన పని ఒక్కటే. రుసైల్ క్యాంపులో ఉన్న ఎహసాన్ సాబ్ ఇంటిని జీపుకు తగిలించి, పొద్దుగూకేలోగా సమాయిల్ సైటుకు చేర్చాలి. జీపు నడిపేది ఫక్రుద్దీన్. గంగన్న పక్కన కూర్చుని వెనక్కి చూస్తూ ఉంటే చాలు. ఇంత సులువైన డ్యూటీ ఒమాన్‌కు వచ్చిన మూడేళ్లలో అతనికి ఎప్పుడూ పడలేదు. అనుమానం అప్పుడే రావలసింది.

ఎహసాన్ సాబ్ రోడ్డు కంపెనీ ఇంజినీరు, హైదరాబాదు మనిషి. పని జరిగిన కొద్దీ ఆయన ఇల్లు కూడా జరగాలి గనక, రెండు చక్రాల మీద నిలబడే రేకుల గది ఒకటి కంపెనీ ఆయనకిచ్చింది. మంచం, బల్ల, నీళ్ల ట్యాంకు అన్నీ అందులోనే. కంపెనీ దొరలు దాన్ని కారవాన్ అనేవారు. రోజూ దాన్ని ఊడ్చి తుడిచే గంగన్న మాత్రం బండిల్లు అనేవాడు.

"చూడు గంగన్నా, నేను ముందు పోతున్న," అన్నాడు సాబ్ తన కారెక్కుతూ. "నా ఇల్లు గీత పడకుండ రావాలె. నీ లీవు కాగితం నా జేబుల ఉంది. కంపెనీ ముద్ర ఆ ఇంట్ల, బల్ల సొరుగుల ఉంది. ఇల్లొస్తే ముద్రొస్తది. ముద్రొస్తే నువ్వు విమానమెక్కుతవ్. బరువు మాత్రం జాగ్రత్త!"

విమానం ఎల్లుండే. అది తప్పితే మళ్లీ లీవు ఎప్పుడో ఎవరికీ తెలియదు. గంగన్న వచ్చేశాక పుట్టిన కూతురు ఇప్పుడు మాటలు నేర్చి, గోడ మీది అతని ఫోటోను నాయినా అని పిలుస్తోందని పెళ్లాం శాంతవ్వ కబురు చేసింది. ఫోటోకు దక్కుతున్న ఆ పిలుపును తన చెవులతో వినాలని గంగన్న రోజులు లెక్కపెడుతున్నాడు.

సాబ్ వెళ్లగానే ఫక్రుద్దీన్ తలుపు పక్కనున్న చిన్న రేకు బిళ్ల మీద వేలు పెట్టాడు. "ఇగో, ఇల్లూ సామానూ కలిసి పదిహేను వందల కిలోలు దాటొద్దని రాసి ఉంది. ఖాళీ ఇల్లే పదకొండు వందలు. తన సామాను మూడొందలని సాబే చెప్పిండు. ఇంక వంద కిలోల జాగ ఉంది. వందంటే వందే, భాయ్."

"గదేంది భాయ్, దాని చక్రాలు దానికున్నయి," అన్నాడు గంగన్న. "దాని బరువు అదే మోస్తది. జీపుకేం నొప్పి?"

"లాగుడు సరే. దిగుడుల ఆపుడెట్ల?"

"నువ్వున్నవ్ గద."

ఫక్రుద్దీన్‌కు పొగడ్త అంటే బలహీనత. జీపు అద్దం తుడవడానికి పోయాడు.

క్యాంపులో ఒక పద్ధతి ఉంది. ఎవరు ఎక్కడికి బయల్దేరినా, అక్కడున్న మనవాళ్లకు పదిమంది పది మూటలు పంపుతారు. వద్దన్నవాడు మనిషే కాడు. పైగా ఎల్లుండి ఊరికి పోయేవాడికి మొహమాటం రెట్టింపు. అందుకే వంట భీమన్న వచ్చి "తమ్మీ, జాగెంత ఉంది?" అంటే గంగన్న "వంద కిలోలన్నా" అన్నాడు. కుళాయి దగ్గర ఇస్తారి అడిగితే అదే చెప్పాడు. బట్టలుతికే చోట ఇంకొందరు అడిగారు, వాళ్లకూ అదే చెప్పాడు. అందరికీ ఒకే నిజం చెప్పాడు. ఎవరికి వాళ్లు ఆ వందా తమదే అనుకున్నారు.

భీమన్న సమాయిల్ మెస్సుకని బియ్యం బస్తా ఎక్కించాడు. ఇస్తారి సమాయిల్‌లో ఉన్న తన బావకని తిరగలి తెచ్చాడు. ఊళ్లో రాయి కొట్టే పని చేసినవాడు, చేతులు ఊరుకోక వాగులోంచి బండ తెచ్చి శుక్రవారాలన్నీ చెక్కాడు.

"ఒమాన్ల ఇసుర్రాయేందిరా?" అన్నాడు గంగన్న.

"బావకు జొన్నరొట్టె లేక బుక్క దిగుతలేదట. గిదెంత, ఒక్క మూలకు పడుంటది."

తరువాత ఇనుప మంచం వచ్చింది, కుట్టుమిషను వచ్చింది, పచ్చడి డబ్బాలు, కంబళ్ల మూట వచ్చాయి. ప్రతిదీ "గిదెంత" అంటూనే వచ్చింది. తలుపు వెనకవైపు ఉంది గనక అన్నీ తలుపు దగ్గరే పేరుకున్నాయి. చివరికి భీమన్న గొట్టం పట్టుకొచ్చి నీళ్ల ట్యాంకు అంచుదాకా నింపాడు.

"నీళ్లెందుకన్నా? సమాయిల్ల నీళ్లు లేవా?"

"కొత్త జాగకు ఇల్లు పోతుంటే ఖాళీ కడవతోని పంపుతరా? శుభమా అని నువ్వు ఊరికి పోతున్నవ్!"

ఆ మాటకు గంగన్నే ట్యాంకు మూత బిగించాడు.

క్యాంపు గేటు దాటగానే బండిల్లు తోక ఊపింది. తారు రోడ్డెక్కాక దాని ఊపుకు జీపు కూడా ఊగసాగింది. ఎదురొచ్చిన లారీ డ్రైవరు దారి ఇచ్చి, ఆగి, దిగి మరీ చూశాడు.

"వెనక బరువెక్కువైంది, అది జీపును పైకి లేపుతుంది," అని ఫక్రుద్దీన్ ఆపాడు. ఇద్దరూ చెమటలు కక్కుతూ సామానంతా ముందుకు జరిపారు. ఇప్పుడు తోక ఊపడం ఆగింది. కానీ జీపు వెనక చతికిలబడి, మూతి ఆకాశం వైపు తిరిగింది.

"స్టీరింగు చేతికి తెలుస్తలేదు భాయ్. ఎటు తిప్పినా ఎటూ పోతలేదు!"

"నిమ్మళంగ పోనియ్యి. దాని చక్రాలు..."

"ఇంకోపారి ఆ మాటంటే దింపేస్త."

ఫంజా దగ్గరి ఎక్కుడులో ఇంజను ఉడికి ఆవిరి చిమ్మింది. భీమన్న శుభానికి నింపిన నీళ్లు బకెట్లకొద్దీ రేడియేటరుకు పోశారు. ఆ ఒక్క బరువు తగ్గిందని ఫక్రుద్దీన్ సంతోషించాడు. దిగుడులో బ్రేకు మీద దాదాపు నిలబడి నడిపాడు. గంగన్న కళ్లు మూసుకున్నాడు. వెనక్కి చూడటమే అతని డ్యూటీ అని ఆ క్షణాన గుర్తులేదు. దిగుడు ముగిసి, ఇక గండం గడిచిందనుకునేసరికి ఢామ్మని టైరు పగిలింది.

ఇల్లు ఒక పక్కకు ఒరిగింది. జాకీ పెట్టి లేపితే లేవలేదు. సామాను దించారు. బియ్యం, మంచం, కుట్టుమిషను, డబ్బాలు, కంబళ్లు, చివరికి తిరగలి, ఒక్కొక్కటే రోడ్డు పక్కన చేరాయి. గాడిద మీద ఖర్జూరాలు తీసుకుపోతున్న ముసలాయన ఒకడు ఆగి, తిరగలిని తిప్పి చూసి, బాగుందని తలూపి వెళ్లాడు. మళ్లీ జాకీ తిప్పారు. ఇల్లు కదల్లేదు.

"అంతా దించినం గద! ఇంకేముంది లోపల?" అన్నాడు ఫక్రుద్దీన్.

గంగన్న సూర్యుడి వైపు చూశాడు. పొద్దు కొండల మీదికి దిగుతోంది. ఫోటోనే మళ్లీ నాయిన అయ్యేలా ఉంది. ఏడుపు నిజంగానే వచ్చింది.

ఇల్లు రాలేదని వెతుక్కుంటూ ఎహసాన్ సాబ్ వచ్చింది అప్పుడే. కారు దిగి, రోడ్డు పక్కన పరిచిన సంసారాన్ని చూశాడు.

"వంద కిలోలంటే ఇదా?" అని గర్జించాడు. "ఇసుర్రాయి! ఇల్లనుకున్నవా, లారీ అనుకున్నవా? లీవు లేదు, గీవు లేదు, పో!"

"తప్పయింది సాబ్," అన్నాడు గంగన్న. "కాని అంతా దించినంక గూడ జాకీ లేస్తలేదు. మీ మంచం కిందున్న అర ఒక్కటే మిగిలింది. తాళమేసి ఉంది."

సాబ్ చెయ్యి దానంతటదే తాళంచెవి ఉన్న జేబు మీదికి పోయింది. ఇది ఫక్రుద్దీన్ చూశాడు. గంగన్న కూడా చూశాడు.

అర తెరిస్తే సంచులు. సంచుల నిండా రాళ్లు. ఆకుపచ్చవి, ఎర్రవి, చారలున్నవి. ఒమాన్ కొండలన్నీ తిరిగి సాబ్ ముచ్చటపడి ఏరుకున్నవి.

"ఇవి గూడ మూడొందల్ల కలిపిండ్రా సాబ్?" అని అడిగాడు ఫక్రుద్దీన్, ఎంతో మర్యాదగా.

"కలపలేదు," అన్నాడు సాబ్. "దేని బరువెంతని చూస్తం? ఒక్కొక్కటే తెచ్చుకున్నవి."

"గిదెంత అనుకుంట," అన్నాడు గంగన్న.

రాళ్లు దిగాక జాకీ ఒక్క తిప్పుకే ఇంటిని లేపింది. కొత్త టైరు వేస్తుండగా సాబ్ సొరుగులోంచి ముద్ర తీశాడు. కాగితం పెట్టుకోవడానికి చదునైన చోటు కోసం చుట్టూ వెతికి, చివరికి ఇస్తారి తిరగలి మీదే పెట్టి గట్టిగా గుద్దాడు. గంగన్న ఆ కాగితాన్ని అంగీ లోపల, రొమ్ముకు ఆనించి దాచుకున్నాడు. రాళ్లు, బియ్యం సాబ్ కారులో, మిగతావి జీపులో పంచుకుని, బండిల్లు మాత్రం ఖాళీగా సమాయిల్ చేరింది.

విమానం రోజు ఉదయం రుసైల్ క్యాంపులో గంగన్న మంచం చుట్టూ, ఊరికని అందరూ తెచ్చిపెట్టిన మూటలు. అన్నిటినీ కాదని, తన పెట్టె ఒక్కటీ తాడేసి కట్టుకుని బయటికొచ్చాడు. సాబ్ కారు ఆగి ఉంది. సాబ్ చేతిలో చిన్న గుడ్డసంచి.

"గంగన్నా, ఇది మా తమ్మునికి. ఆకుపచ్చ రాయి. చిన్నదే."

"సాబ్, విమానంల ఇరవై కిలోలు దాటనియ్యరంట."

"దానికేంది?" అన్నాడు ఎహసాన్ సాబ్. "విమానం రెక్కలు విమానానికున్నయి గద."

గంగన్న సంచిని రెండు చేతులా అందుకున్నాడు. ఒక చేత్తో అది లేవలేదు.