మిరుగానికి ముందు దొరికిన నగరం

ఆ ఉదయం బాలరాజ్ అనుకున్న పని చిన్నది. ఇబ్రహీంపట్నం చెరువు పక్కన భూపాల్ వేస్తున్న వెంచర్ మీద డ్రోన్ ఎగరేయాలి, నాలుగు ఫోటోలు తీయాలి, ఎండ ముదరకముందే ఇంటికి చేరాలి. చేపలు పట్టే ఇంట్లో పుట్టాడన్న మాటే గానీ, అతనికి బురదంటే ఒళ్లు జలదరింపు. చెరువునెప్పుడూ పైనుంచే చూశాడు.

ఫోటోల్లో, నీళ్లింకిన బురదనేల మీద ఏడు మట్టి వలయాలు కనిపించాయి. చుట్టూ గట్లు, మధ్యలో నల్లటి నీళ్లు.

"ఏందిర గివి?" అన్నాడు భూపాల్.

"ఏమో అన్నా. పాతకాలపు కోటనేమో."

నోరు జారితే అంతే! మర్నాటికి భూపాల్ కరపత్రంలో "వెయ్యేళ్ల నగరం పక్కనే మీ ప్లాటు" అని అచ్చయింది. ఆ మర్నాడు పేపర్లో పడింది. మూడోనాడు పురాతన కట్టడాలు చూసే ఆఫీసరు కొండల్ జీపు దిగాడు. బురదలో కాలు పెట్టకుండానే, ఫోటో చూసి బోర్డులు పాతించాడు: ఇది కోనేరు, ఇది ధాన్యాగారం, ఇది రాణివాసం. చుట్టూ ముళ్లతీగ చుట్టించి, గేటుకు తాళం వేసి, కాపలా మనిషిని కూచోబెట్టాడు. వంద గజాల వరకు పనులు బంద్ అన్నాడు. భూపాల్ వెంచర్ మొత్తం ఆ వంద గజాల్లోనే ఉంది.

బాలరాజ్ ఇంటికొచ్చేసరికి తల్లి రుక్కమ్మ నెత్తి బాదుకుంటోంది.

"నా గుంతలకు తాళమేసినోని చేతులిరగ! నెల సంది గట్లు పోసి కొర్రమట్ట చేపలు దాచిపెట్టిన. ఎల్లుండే మిరుగం. గా ఒక్క దినం అమ్ముడువోకుంటే నా కష్టమంత బురదపాలే!"

బాలరాజ్‌కు తల కొట్టేసినట్టయింది. "నాకు ముందుగాల చెప్పొద్దా అవ్వా?"

"జెప్తే ఫోన్ల పెడ్తవని చెప్పలే. చెప్పకున్నా పెడ్తివి గదరా!"

సిగ్గుతో చచ్చినంత పనై, అతను కొండల్ దగ్గరికి పరుగెత్తాడు. "సార్, గవి మా అవ్వ కట్టినయ్."

"వెయ్యేండ్ల కట్టడాలవి. మీ అవ్వకెన్నేండ్లు?"

"యాభై ఎనిమిది సార్."

"మరి ఎట్ల కుదుర్తదయ్యా? పో, పో."

మృగశిర కార్తె మొదలయ్యే రోజే మిరుగం. ఆ రోజు చేప తింటే ఏడాదంతా రోగం రాదని ఆ వైపు నమ్మకం. ఈసారి తెల్లారేసరికే మార్కెట్లో కొర్రమట్ట అన్నది లేదు. ఎనిమిదింటికి రుక్కమ్మ వాకిట్లో జీపు ఆగింది. కొండల్ చేతిలో సంచి ఉంది, ముఖంలో కళ లేదు.

"అమ్మా, మా మామ ఆయాసం మనిషి. కొర్రమట్ట లేంది ఇంటికి రావొద్దన్నది నా భార్య. యాడన్న రెండు ఉంటే జర చూడు."

"రెండేంది సారూ, మస్తున్నయ్. నీ రాణివాసంలనే ఉన్నయ్."

కొండల్ అటు చూశాడు, ఇటు చూశాడు, జేబులోంచి తాళంచెవి తీశాడు. తల్లి వెంట బాలరాజ్ కూడా మొదటిసారి మోకాలిదాకా బురదలో దిగాడు. గేటు బయట జనం సంచులతో బారులు తీరారు. పదకొండు కొట్టేసరికి ఏడు గుంతలూ ఖాళీ.

నెలాఖరున కొండల్ పైవాళ్లకు నివేదిక పంపాడు: "వలయాల్లో నివసించినవారు ఒకే ఉదయం మూకుమ్మడిగా స్థలం ఖాళీ చేసినట్లు ఆధారాలున్నాయి. కారణం తెలియరాలేదు."