మిషను మీద శాలువా

ఒక పెద్ద అడవిలో పెద్దాసుపత్రి అని పిలిచే చిన్న ఆసుపత్రి ఉండేది. ఒంట్లో పుట్టే పాడు గడ్డలకు కరెంటు పెట్టే మిషను అడవి మొత్తానికి అక్కడ ఒక్కటే. దాన్ని తెచ్చిన నాటికి ఇప్పటి రాజుగారికి జూలు కూడా మొలవలేదు.

ఆ మిషనులో కిరణాలు పుట్టించే సరుకు ఏటికేడు సన్నగిల్లుతుంది. మొదట్లో ఒక్కొక్కరికి రెండు నిమిషాలు పట్టేది, ఇప్పుడు ఇరవై పడుతోంది. వరుస గేటు దాటి వాగు దాకా పోయింది.

ఆ వరుసలో చుక్కమ్మ అనే జింక ఉంది. దానికి గొంతులో గడ్డ. ముప్పై రోజులు విడవకుండా కరెంటు పెట్టాలన్నారు. పందొమ్మిదో రోజుకి లేత గడ్డి మింగగలిగింది. ఆ రోజు కనిపించిన ప్రతివాళ్లకూ ఆ సంగతే చెప్పింది.

మిషను నడిపే ఎలుగుబంటి, ఆసుపత్రి సూపరింటెండెంటు నక్క దగ్గరికి వెళ్లింది.

"అయ్యా, మిషను ముసలిదైపోయింది. కొత్తదాని కోసం రాయండి."

"నడుస్తోందా?"

"నడుస్తోందండీ, కానీ..."

"నడిచేదాన్ని పనికిరాదని కండెమ్ చెయ్యడానికి రూలు ఒప్పుకోదయ్యా. రాస్తే, ఇన్నాళ్లూ ఏం చేశావని పైనుంచి నన్నే అడుగుతారు. ఉండు, నాకో ఆలోచన వచ్చింది."

నక్కకు ఆలోచన వచ్చిందంటే ఎవరికో మూడిందని అడవిలో అందరికీ తెలుసు.

నక్క మిషను పేరును సిబ్బంది రిజిస్టరులో ఎక్కించింది. 'ముప్పై ఏళ్లలో ఒక్క రోజు సెలవడగని అత్యంత సీనియర్ ఉద్యోగి' అని రాసి, అయిదేళ్ల పొడిగింపుకీ సన్మానానికీ ఫైలు పెట్టింది. 'వీరు ఉండగా ఆ సీటులోకి మరొకరిని తీసుకోరాదు' అని కింద ఇంకో ముక్క కలిపింది. రాజుగారికి సన్మానాలంటే ప్రాణం. చదవకుండానే సంతకం పెట్టేశారు.

మిషనుకు బొట్టు పెట్టారు, దండ వేశారు. రాజుగారు స్వయంగా జరీ శాలువా కప్పారు, కిరణాలు వచ్చే మూతితో సహా. కోతులు ఫొటోలు తీశాయి.

మర్నాడు ఎలుగుబంటి శాలువా తీయబోతే నక్క గుడ్లురిమింది.

"రాజుగారు కప్పింది నువ్వు తీస్తావా? వారి అనుమతి రానీ."

"మూతి కనబడందే గురి కుదరదండీ."

"అనుమతి రానీ అన్నానా?"

అనుమతి రావడానికి పదిహేను రోజులు పట్టింది. ఈలోగా చుక్కమ్మ గడ్డ మళ్లీ పెరిగింది. గడ్డి సంగతి అలా ఉంచండి, గుక్కెడు నీళ్లు కూడా దిగడం లేదు. నవ్వుతూ చెబుదామని మొదలుపెట్టిన కథే గానీ, ఇక్కడికొచ్చేసరికి నాకు ఒళ్లు మండుతుంది.

"మళ్లీ ఒకటో రోజు నుంచి మొదలెట్టాలమ్మా," అంది ఎలుగుబంటి తల దించుకుని.

వారం తిరక్కుండా నక్క దవడ కింద గడ్డ తేలింది. అప్పుడు దానికి మిషను ఎంత ముసలిదో అర్థమైంది. 'కొత్త మిషను అత్యవసరం' అని ఎర్ర సిరాతో రాజుగారికి రాసింది. సాయంత్రానికల్లా జవాబు వచ్చింది. అడవి చరిత్రలో అంత తొందరగా వచ్చిన జవాబు అదొక్కటే.

'సీటు ఖాళీ లేదు. తమరు పెట్టిన ఫైలు చూసుకోగలరు.'

నక్క ఆసుపత్రికి పరుగెత్తి, వరుసను తోసుకుంటూ లోపలికి పోబోయింది. తలుపు దగ్గర చుక్కమ్మ అడ్డంగా నిలబడింది. దాని గొంతు సరిగ్గా పెగల్లేదు. అయినా అందరికీ వినబడింది.

"వెనక్కి వెళ్లండి అయ్యగారూ. ఇక్కడ సీనియారిటీ ప్రకారమే."

నక్క వాగు దాకా నడిచివెళ్లి చివర నిలబడింది. లోపల మిషను ఇప్పుడు ఒక్కొక్కరికి ఇరవై రెండు నిమిషాలు తీసుకుంటోంది.

నీతి: మిషనుకు అయిదేళ్లు పొడిగించేవాళ్లు, అదే సంతకంతో రోగులకూ అయిదేళ్లు పొడిగించాలి.