కొండ దిగితే తగ్గిపోయే జబ్బు

ఆ ఏడాది వసంతంలో పియెత్రఫోస్కా పురపాలక సంఘం తక్షణం చేయవలసిన పనులుగా వీటిని తీర్మానించింది:

రోడ్డు మరమ్మతుకు మంజూరైన నిధులను కృతజ్ఞతాపూర్వకంగా తిప్పి పంపడం.

రోడ్డు కొలవడానికి వచ్చే ఇంజనీరుగారికి గొర్రెమాంసం, మంచి ద్రాక్షసారా పెట్టి, టేపు తీయనివ్వకుండా సాగనంపడం.

ఊరి పునీతుడు సాన్ రోక్కో పండగ ఊరేగింపులో ఆయన విగ్రహాన్ని భుజాన మోయడానికి గుండెజబ్బు పింఛనుదార్లలోంచి దృఢకాయులను ఎంపిక చేయడం.

ప్రొఫెసర్ స్కర్దోనేగారికి పౌరసన్మానం.

రొట్టెల పొయ్యి తెక్లాను కొండ దిగనివ్వకపోవడం.

ఈ పనులన్నీ నెరవేరాయి. మా ప్రాంతంలో ఒక పురపాలక సంఘం తాను తీర్మానించినవన్నీ చేసి చూపడం అదే మొదటిసారి. అందుకు మేయర్ జెసువాల్డోగారిని ఎంత పొగిడినా తక్కువే.

పియెత్రఫోస్కా కొండమీది ఊరు. ఆసుపత్రి కింది పట్నంలో ఉంది. గురువారంనాడు నర్సు పురపాలక ఆఫీసులో కూర్చుని జనం రక్తం తీసి గాజు గొట్టాల్లో పోస్తే, ఆ పెట్టెను దొనాతో అనే డ్రైవరు నడిపే బస్సు వెనక సీటు మీద, సరిగ్గా చక్రం పైన, కోళ్ల బుట్టల పక్కన పెట్టేవారు. యుద్ధం రోజుల్లో పడిన గుంటలు రోడ్డుమీద ఇంకా భద్రంగా ఉన్నాయి. దొనాతో వాటిలో దేన్నీ వదిలిపెట్టే రకం కాదు. మిట్టమధ్యాహ్నపు ఎండలో, మలుపు మలుపుకీ ఎగిరెగిరి పడుతూ రక్తం మా దగ్గరికి చేరేది.

మా దగ్గరికి అంటే ఆసుపత్రి ప్రయోగశాలకి. నేను అక్కడ పనిచేసేవాణ్ణి. ఆ కొండమీది ఊరి తాపీమేస్త్రీ కొడుకుని, మా వంశంలో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి కావడంతో నిబంధనలంటే నాకు భయమూ, భక్తీ రెండూ ఉండేవి.

నిబంధన సులువైనదే. రక్తం గడ్డకట్టాక పైన తేరే పసుప్పచ్చటి నీరు సీరం. గుండె కండరం దెబ్బతింటే, అందులో ఉండే ఎంజైములు ఆ సీరంలోకి కారతాయి. అవి ఎంత చురుగ్గా పనిచేస్తున్నాయో యంత్రంలో వెలుతురు పంపి కొలుస్తాం. అంకె పెరిగితే గుండెను అనుమానించాలి. అయితే అవే ఎంజైములు ఎర్రకణాల్లోనూ ఉంటాయి. దారిలో కుదుపులకీ ఎండకీ ఆ కణాలు చితికిపోతే సీరం గులాబీ రంగుకు తిరుగుతుంది, అంకె పెరుగుతుంది. అప్పుడు గుండెను కాదు, బస్సును అనుమానించాలి.

పియెత్రఫోస్కా సీరం ఎప్పుడూ చెర్రీపండు రంగులోనే వచ్చేది. "నమూనా చెడింది, మళ్లీ పంపండి" అని రాశాను. మళ్లీ అదే బస్సులో పంపారు. విషయం మా ప్రయోగశాల పెద్ద ప్రొఫెసర్ స్కర్దోనేగారి దాకా వెళ్లింది.

"నీకు జీతం రంగులు చూడ్డానికా, ఎంజైములు కొలవడానికా?" అన్నారాయన.

"కొలవడానికేనండి."

"మరి కొలువు. రంగుల సంగతి పెయింటర్లు చూసుకుంటారు."

అలా ఒక ఊరి మొత్తానికి గుండెజబ్బు ఉన్నట్టు శాస్త్రీయంగా రుజువైంది. ఎత్తైన ప్రదేశం, ప్రాచీన రక్తం, ఎండుమిరపకాయల వేపుడు కలిసి ఈ జబ్బును పుట్టించాయని ప్రొఫెసర్‌గారు సిద్ధాంతం చేశారు. ప్రభుత్వం దయగలది. పనిచేయలేని రోగులందరికీ పింఛను ఇచ్చింది. మా నాన్నకూ వచ్చింది. వచ్చిన ఉత్సాహంలో ఆయన మేడమీద ఒక గది వేసుకున్నాడు, కూలివాళ్లను పెట్టకుండా, ఒక్కడే.

జబ్బుకు ఒక లోపం ఉండేది. కొండ దిగితే తగ్గిపోయేది. పోస్టుమాస్టరు ఏదో పనిమీద పట్నం వచ్చి, అక్కడే రక్తం ఇచ్చి, ఒక్క పూటలో ఆరోగ్యవంతుడైపోయాడు. పింఛను ఆగిపోయింది. ఆయన భార్య నెలరోజులు సంతాపంగా నల్లబట్టలు కట్టుకుంది. ఈ దుర్ఘటన తర్వాత ఊరివాళ్లెవరూ కొండ కింద రక్తం ఇవ్వరాదని పురపాలక సంఘం ఆజ్ఞ చేసింది.

సరిగ్గా ఇలాంటి సమయంలో తెక్లాకి గుండెనొప్పి వచ్చింది. నిజంగానే వచ్చింది. ఊరందరి రొట్టెలూ కాల్చే పొయ్యి ఆమెది. వితంతువు, పిల్లల్లేరు, నున్జియో అనే తమ్ముడు మాత్రం ఉన్నాడు. పింఛనుకి దరఖాస్తు పెట్టని మనిషి ఆ ఊళ్లో ఆమె ఒక్కతే. ఆమె రక్తం కూడా బస్సులోనే వచ్చింది, అందరి రక్తంలాగే చెర్రీపండు రంగులో. అందరికీ వచ్చేలాంటి అంకే వచ్చింది. ఊరంతా రోగులే అయినచోట రోగిని పోల్చుకునే వీలు యంత్రానికి లేదు.

ఆదివారం ఇంటికి వెళ్లినప్పుడు ఆమెకు చెప్పాను. "అత్తా, శనివారం కిందికి రా. ఆసుపత్రిలోనే రక్తం తీస్తాను. అప్పుడు నీ గుండె సంగతేంటో తెలుస్తుంది."

"వస్తాన్రా నాయనా," అంది. ఆ మాట దాచుకోవాలని ఆమెకు తట్టలేదు. పొయ్యి దగ్గర అందరికీ చెప్పింది. మర్నాడు నున్జియో పరిగెత్తుకొచ్చాడు.

"అక్కా, నీ కాళ్లు పట్టుకుంటా, కిందికి పోకే. రక్తమేగా, ఇక్కడిస్తే పోలేదా?"

"ఇక్కడిస్తే దారిలో చెడిపోతోందంటరా. ఆ అబ్బాయి చెప్పాడు."

"మెల్లగా అనవే, గోడలకి చెవులున్నాయి!"

"గోడలకేంటి, ఊరందరికీ తెలుసుగా. నాకు ఇదిగో ఇక్కణ్ణించి దవడ దాకా లాగేస్తోందిరా. రొట్టెల పలక ఎత్తలేకపోతున్నా."

"మాకు మాత్రం జబ్బు లేదా? మేం ఓర్చుకోవడంలా?"

"నిన్న పంది తప్పించుకుంటే వాగు దాకా తరిమావు గదరా!"

"జబ్బుతోనే తరిమాను! నా బాధ నీకేం తెలుసు?"

ఇంతలో మేయర్‌గారు వచ్చారు. పొయ్యి ముందు నలుగురే ఉన్నా, చౌకులో వేలమంది ఉన్నట్టు గొంతు సవరించుకున్నారు.

"సోదరి తెక్లా! నీ గుండె నీ ఒక్కదానిదే అనుకుంటున్నావా? అది ఈ ఊరి ఉమ్మడి ఆస్తి. కింద నీకు ఇంకో అంకె వస్తే ఏమవుతుంది? రేపు మా అందర్నీ కిందికి పిలుస్తారు. ఎందరి ఇళ్లలో పొయ్యి ఆరిపోతుందో ఆలోచించు. అయినా నీకు జబ్బుందని కాగితం మీద ఉండనే ఉంది. లేదన్నవాడెవడు? ఈ క్షణమే పింఛను రాయిస్తాను."

"పింఛనెందుకయ్యా జెసువాల్డో? నాకు కావాల్సింది మందు."

"మందు వేస్తే తగ్గిపోతుందమ్మా," అన్నారు మేయర్‌గారు ఎంతో బాధతో. "తగ్గితే ఏం లాభం?"

శనివారం ఆమె పండగ శాలువా కప్పుకుని బస్సు దగ్గరికి వెళ్లింది. సీట్లు ఖాళీగా లేవన్నాడు దొనాతో. ఎక్కినవాళ్లు ఇద్దరే, మిగతా సీట్ల మీద కోళ్ల బుట్టలున్నాయి. "అవి ముందే టికెట్టు తీసుకున్నాయి తెక్లత్తా, నేనేం చెయ్యను?" అని కిటికీలోంచి చెప్పి బస్సు కదిలించాడు. ఆమె కాలినడకన బయల్దేరింది. రెండో మలుపు దగ్గర రాయి మీద కూర్చుండిపోతే, నున్జియో వెళ్లి గాడిద మీద వెనక్కి తీసుకొచ్చాడు. అక్కను ఎంత ప్రేమగా తెచ్చాడో ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

సాన్ రోక్కో పండగ ముందురోజు తెక్లా పొయ్యి ముందే కూలిపోయింది. ఊరందరి పండగ రొట్టెలూ అప్పుడు పొయ్యిలో ఉన్నాయి. చుట్టుపక్కలవాళ్లు సమయస్ఫూర్తి గలవాళ్లు. ముందు రొట్టెలు తీసి, ఆ తర్వాత ఆమెను కదిపి చూశారు. ఒక్క రొట్టె కూడా మాడలేదు.

పింఛనుదార్లు శవపేటికను ఒక్కచోట కూడా దించకుండా, నిటారుగా ఉండే మెట్లదారిన శ్మశానం దాకా మోసుకెళ్లారు. ఒక్క ఊళ్లో ఇన్ని పింఛన్లేమిటని రోమ్‌లో ప్రభుత్వం అప్పటికే అనుమానపడుతోంది. శ్మశానంలో మేయర్‌గారు చేసిన ప్రసంగం మా జిల్లాలో చిరస్మరణీయం. "మా జబ్బు బూటకమన్న రోమ్ పెద్దలారా! రండి, చూడండి! ఇదిగో మా సాక్ష్యం! ఈ వీరవనిత ప్రాణమిచ్చి మన ఊరి రోగాన్ని నిలబెట్టింది!" జనం సమాధి దగ్గరే చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా నున్జియో కొట్టాడు, కన్నీళ్లు తుడుచుకోవడానికి కూడా చేతులు ఖాళీ చేసుకోకుండా.

పింఛన్ల మీద విచారణకు రోమ్ నుంచి కమిటీ వచ్చింది. సమాధి చూసింది, టోపీలు తీసింది, భోజనం చేసింది. పింఛన్లన్నీ శాశ్వతం చేసి, ఇకమీదట ఎవరి రక్తమూ తిరిగి పరీక్షించనవసరం లేదని రాసిపోయింది. ప్రొఫెసర్ స్కర్దోనేగారు సన్మానసభలో ఆ జబ్బుకు తెక్లా వ్యాధి అని నామకరణం చేశారు. ఆయన పుస్తకంలో ఆ వ్యాధి లక్షణాలు కొండ ఎత్తుతో మొదలై మిరపకాయలతో ముగుస్తాయి. దవడ దాకా లాగే నొప్పి గురించి అందులో ఎక్కడా లేదు. ఆ లక్షణం ఊళ్లో ఒక్కరిలోనే కనిపించింది కాబట్టి పరిగణనలోకి తీసుకోలేదట.

అయినా ఆమె పేరు మరుగున పడుతుందన్న బెంగ ఎవరికీ అక్కర్లేదు. ప్రతినెలా మొదటి తారీఖున పోస్టాఫీసు ముందు వరుస కట్టినవాళ్లందరూ, ఏం జబ్బని గుమాస్తా అడగ్గానే, భక్తిగా ఆమె పేరే చెబుతారు. మీకు కూడా మీ మేలుకోరే అంకె ఏదో ఒక కాగితం మీద వచ్చే ఉంటుంది, అది నిజమో కాదో తిరిగి చూసుకోమని నేనడగను. ఒక్కటే మనవి. మొదటి తారీఖున కాకుండా ఇంకేరోజైనా తెక్లాను ఒకసారి తలుచుకోండి. రొట్టెలు కాల్చేది. ఆమెకు గుండెల్లో నిజంగానే నొప్పి వచ్చింది.