బూడిదరంగు బాణాలు

తమ శాఖ పరిధిలో ఇకమీదట పని తెలియని జన్యువంటూ ఒక్కటి కూడా ఉండడానికి వీల్లేదని మంత్రిగారు ప్రకటించారు. చప్పట్లు మోగాయి. కొట్టినవాళ్ళలో మురుగు మాస్టారు కూడా ఉన్నాడు. ఎందుకు కొట్టాడో ఆయనకే తెలియదు. ముప్పై ఏళ్ళ సర్వీసులో చేతులు వాటంతటవే నేర్చుకున్నాయి.

మురుగు మాస్టారంటే ప్రభుత్వ వైరస్ ల్యాబుకు ఇన్‌చార్జి. మనుషుల జోలికి రాకుండా బాక్టీరియాను మాత్రమే పట్టే వైరస్‌లను మురుగుకాలువల్లో వెతికి తెచ్చి, సీసాల్లో దాచడం ఆయన ఉద్యోగం. మందులకు లొంగని పుండ్లకు ఎప్పటికైనా ఇవే మందవుతాయని ఆయన ఆశ. మొత్తం నాలుగు వందల పన్నెండు సీసాలు, ఒక పాత ఫ్రిజ్. ఒకటో నంబరు సీసా మీద లేబుల్, ఒకప్పుడు అదే ల్యాబులో పనిచేసి, ఇప్పుడు లేని భార్య చేతిరాత. రోజూ ఫ్రిజ్ తెరవగానే ముందు అది కనిపిస్తుంది. దీనికి తోడు ఆయనకు జీతం కూడా ఇస్తున్నారు.

గొడవంతా ఆ ప్రకటనకు అరగంట ముందు, మంత్రిగారు ల్యాబు చూడ్డానికి వచ్చినప్పుడు, గోడ మీది పటం దగ్గర మొదలైంది. ఒకటో నంబరు వైరస్ జన్యుపటం అది. భార్య రంగు పెన్సిళ్ళతో గీసింది. ఒక్కో జన్యువుకు ఒక్కో బాణం. తల కట్టే జన్యువులన్నీ ఒకచోట ఎర్రగా, తోక కట్టేవి పక్కనే నీలంగా, బాక్టీరియాను పగలగొట్టుకుని బయటపడేవి చివర పచ్చగా. ఏం చేస్తాయో తెలియనివి బూడిదరంగు. ఎనభై ఏడింటిలో యాభై ఒకటి బూడిదరంగే.

"ఏంటి మాస్టారూ, సగానికి పైగా బూడిద పోశారు?" అన్నారు మంత్రిగారు.

"అవేం చేస్తాయో ఇంకా తెలియదండి."

"పక్క సీసాలోదాన్ని చూసి రాసెయ్యొచ్చుగా?"

"ఒకే కాలువలో దొరికిన రెండింటికి ఒక్క జన్యువు కూడా కలవకపోవచ్చండి. ఒక్కోసారి ఒకదాని తల, ఇంకోదాని తోక తెచ్చి అతికించుకుంటాయి."

"మా మంత్రివర్గమూ అంతేగా! అయినా ఎవరి శాఖ ఏంటో మేం చెప్పట్లా? శుక్రవారానికల్లా రంగులు నిండాలి."

మంత్రిగారి పీఏ కుర్రాడు మాస్టారిని పక్కకు లాక్కెళ్ళాడు. "మీ ల్యాబు మూసేసే ఫైలు నా టేబుల్ మీదే ఉంది సారూ. మీరు పటం నింపండి, నేను దాన్ని అడుగున పెట్టేస్తా."

గురువారం సాయంత్రం మాస్టారు ఇంట్లో బల్లమీద భార్య పెన్సిళ్ళ డబ్బా తెరిచాడు. అన్నీ పొడుగ్గానే ఉన్నాయి. బూడిదరంగుది మాత్రం గోరంత మిగిలింది. దాన్ని తిరిగి డబ్బాలో పెట్టబుద్ధి కాక చొక్కా జేబులో వేసుకున్నాడు. భార్య గీసిన పటం మీద చెయ్యి వేయలేక నకలు తీయించి, నకలు మీదే రంగులు మొదలుపెట్టాడు. ఆపాటి ధైర్యం ఆయనకుంది. పేర్లు తోచక ఆఫీసు టెలిఫోన్ డైరెక్టరీ ముందేసుకున్నాడు. సమన్వయ ప్రోటీన్, పర్యవేక్షణ ప్రోటీన్, అదనపు పర్యవేక్షణ ప్రోటీన్, ప్రత్యేక విధుల ప్రోటీన్.

ఎదురుగా కూతురు తన బడి పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతోంది. "ఏం రాస్తున్నావు నాన్నా?"

"కథలు."

"తెలియకపోతే తెలియదని రాయాలి. అమ్మయితే అదే రాసేది."

"మీ అమ్మకి శుక్రవారం గడువు లేదమ్మా."

"నా పిల్లలు ఇలా రాస్తే సున్నా వేస్తా."

"రేపు వేద్దువుగానిలే తల్లీ. ఇప్పుడా నారింజరంగు పెన్సిల్ ఇటివ్వు."

శుక్రవారం మంత్రిగారు పటం చూసి మాస్టారిని కౌగలించుకున్నారు. "చూశారా, గట్టిగా అడిగితే ప్రకృతి కూడా చెబుతుంది!" మర్నాడు పేపర్లో ఫొటో పడింది. మాస్టారి చెవి ఒకటి స్పష్టంగా వచ్చింది.

సోమవారం ఉత్తర్వు వచ్చింది. తెలియవలసినదంతా తెలిసిపోయినందున పరిశోధన విజయవంతంగా ముగిసిందనీ, ల్యాబును అభినందనలతో మూసివేయడమైనదనీ దాని సారాంశం.

"ఇదేంటి బాబూ, ఫైలు అడుగున పెడతానన్నావు?"

"పెట్టాను సారూ, ఒట్టు! ఇది వేరే ఫైలు. అది చేతకాక మూసేది, ఇది చేతనై మూసేది. మీకెంత గౌరవం!"

మాస్టారు ఫ్రిజ్ వైపు తిరిగాడు. "మరి సీసాలు?"

పీఏ అటూ ఇటూ చూశాడు. "పారబోయమన్నారు. కానీ ఈ గదిలోకి విజయోత్సవ కమిటీ వస్తోంది, ఫ్రిజ్ ఉంటుంది. మంత్రిగారి మంచినీళ్ళకి పై అర చాలు. కింది అరల్లోకి ఎవరు తొంగిచూస్తారు చెప్పండి?"

మాస్టారు ఆ కుర్రాడికి చేతులెత్తి దణ్ణం పెట్టాడు. ఈసారి ఎందుకో ఆయనకు తెలుసు.

"అయ్యో, అదేంటి సారూ! మిమ్మల్నీ కమిటీలో వేశాం. పన్నెండుమంది. ఇదిగో జాబితా. పేర్లు నిండాయి, 'చేయు పని' అన్న గడులే ఖాళీగా ఉన్నాయి. మీకు అలవాటేగా, నింపేయండి."

మాస్టారు డైరెక్టరీ వైపు చెయ్యి చాచి, వెనక్కి తీసుకున్నాడు. జేబులోంచి ఆ బూడిదరంగు ముక్క తీశాడు. మొదటి గడి అధ్యక్షులు మంత్రిగారిది. అక్కణ్ణించి మొదలుపెట్టి, గీత దాటకుండా ఒక్కో గడీ శ్రద్ధగా నింపుకుంటూ వచ్చాడు. పన్నెండోది తనది. అక్కడికి వచ్చేసరికి పెన్సిల్ వేళ్ళకు అందడం లేదు. చాలదేమోనని భయపడ్డాడు గాని, సరిగ్గా సరిపోయింది.