దొంగచాటుగా ఉన్నట్టు రుజువు కావలెను

కాగితాల్లేకుండా పరాయి దేశంలో బతకడాన్ని మించిన భోగం ఈ భూమ్మీద మరొకటి లేదు!

నవ్వకండి. నేను ఈక్వడార్ నుంచి ఈ సరగోసా నగరానికి వచ్చి ఇరవై రెండేళ్ళయింది. దెలీసియాస్ పేటలో సెలూను నడుపుతున్నాను. నాకు అన్ని కాగితాలూ ఉన్నాయి. అందుకే నేనెక్కడున్నానో, ఏం తిన్నానో, నిన్న ఏ వీధిలో నడిచానో ఈ ప్రభుత్వం ఒక్కసారైనా అడిగిన పాపాన పోలేదు. అదే మా పై అంతస్తులో ఉండే ఎనెయిదాను చూడండి! మూడేళ్ళలో ఆమె గడిపిన ప్రతి నెలకూ లెక్క చెప్పమని సర్కారువారు బతిమాలినంత పని చేశారు. అంత శ్రద్ధ కన్నతల్లి మాత్రం చూపిస్తుందా?

ఎనెయిదాది నికరాగువాలో సొమొతీయో అనే చిన్న ఊరు. పన్నెండేళ్ళ కూతురిని అక్క దగ్గర వదిలి, ఊళ్ళు చూడ్డానికి వచ్చిన మనిషిలా ఇక్కడ దిగింది. మూడు నెలలు చట్టప్రకారం ఉంది. తొంభై ఒకటో రోజు పొద్దున లేచేసరికి చట్టప్రకారం లేదు. మనిషి అక్కడే ఉంది, చేతిలో చీపురూ ఉంది. కాని చట్టం దృష్టిలో ఆ చీపురు దానంతటదే ఊడుస్తోంది!

ఆమె పని దోన్యా ఫెలిసాను, అంటే ఫెలిసా అమ్మగారిని, చూసుకోవడం. ఎనభై ఆరేళ్ళ దోన్యా ఫెలిసా ఒంట్లో అరిగిపోనిది నాలుక ఒక్కటే. లేపడం, స్నానం చేయించడం, అన్నం పెట్టడం, తిట్లు తినడం, పక్క గదిలో పడుకోవడం: ఇదీ ఎనెయిదా ఉద్యోగం. వారానికి ఆదివారం ఒక్క పూట సెలవు.

కాగితాల్లేని జీవితం మనిషిని ఎంత మర్యాదస్తుణ్ణి చేస్తుందో గమనించారా? ఎనెయిదా ఎర్ర దీపం వెలిగినప్పుడు రోడ్డు దాటేది కాదు. బస్సులో గట్టిగా నవ్వేది కాదు. ఎదురుగా పోలీసు కనపడితే చెప్పుల దుకాణంలో దూరి, ఎనిమిది రకాలు కాలికి తొడిగి చూసి, ఏవీ నచ్చనట్టు ముఖం పెట్టి బయటికొచ్చేది. రసీదులు ఎప్పటికప్పుడు చింపేసేది. పేరడిగితే సగం చెప్పేది. ఇంత క్రమశిక్షణ సైన్యంలో ఉందా అని!

మూడేళ్ళు నిండాయి. చర్చి నేలమాళిగలో గురువారాలు ఉచితంగా సలహాలిచ్చే బెగోన్యా అనే లాయరమ్మ దగ్గరికి వెళ్ళింది.

"మూడేళ్ళు నిండాయా? శుభం. ఇక ఇక్కడ ఉండటానికి అనుమతి కోసం దరఖాస్తు పెట్టొచ్చు," అంది లాయరమ్మ. "రెండు కావాలి. ఒకటి, నీకు పనిస్తున్నట్టు ఒప్పంద పత్రం. రెండోది, మూడేళ్ళూ ఈ దేశం వదలకుండా ఇక్కడే ఉన్నట్టు రుజువు."

"ఉండకూడదన్నారు కదండీ?"

"అవును, ఉండకూడదు."

"మరి ఉన్నట్టు రుజువు చూపించాలా?"

"అవునమ్మా. మధ్యలో చట్టానికి లోబడి వెళ్ళిపోయి ఉంటే మాత్రం లాభం లేదు."

చూశారా ఎంత ధర్మబద్ధమైన ఏర్పాటో! చట్టాన్ని కొంచెం తప్పినవాడికి శిక్ష. మూడేళ్ళపాటు నిష్ఠగా, ఒక్క రోజూ మానకుండా తప్పినవాడికి బహుమానం. అన్నట్టు ఈ మధ్య దాన్ని రెండేళ్ళకు దించారు. కొత్తగా వచ్చినవాళ్ళు పాపం, ఒక ఏడాది భోగం పోగొట్టుకున్నారు.

మొదట ఒప్పందం సంగతి చూద్దామనుకుంది ఎనెయిదా. దోన్యా ఫెలిసా కొడుకు రమీరో ఆదివారం భోజనానికొచ్చినప్పుడు మెల్లగా అడిగింది.

రమీరో నొచ్చుకున్నాడు. "ఒప్పందమా? నువ్వు మా ఇంట్లో మనిషివి ఎనెయిదా! ఇంట్లో మనిషితో ఎవరైనా ఒప్పందాలు రాసుకుంటారా?"

ఎంత గొప్ప మాట! జీతం గుట్టుగా చేతిలో పెట్టినప్పుడూ, ఆ ఇంటి చిరునామా మీద ఊరి జనాభా పుస్తకంలో పేరు రాయించుకోనివ్వనప్పుడూ ఆయన ఈ మాటే అన్నాడు. ఇంట్లో మనిషి కనుకనే భోజనాల బల్ల దగ్గర ఆమెకు కుర్చీ వేయలేదు. వంటింట్లో నిలబడి తినే చనువు సొంతవాళ్ళకు కాక ఎవరికుంటుంది?

కాని దోన్యా ఫెలిసా చెంచా బల్లమీద కొట్టింది. "ఇంట్లో మనిషైతే రేపు నువ్వొచ్చి నన్ను కడుగు!"

"అమ్మా, అది కాదు..."

"కడగవుగా? పింఛను నాది, ఇల్లు నాది, సంతకం నాది. కలం తే. నోరు మూసుకుని ఆ సూపు తాగు."

అలా ఒప్పందం కుదిరింది. రుజువుల దగ్గరే వచ్చింది చిక్కు. పాస్‌పోర్టులో దిగిన రోజు ముద్ర ఉంది. తొమ్మిదో నెలలో ఆమె సొంత ఊరివాళ్ళొకరు జాలిపడి తమ చిరునామా మీద జనాభా పుస్తకంలో పేరు రాయించారు కాబట్టి ఆ తర్వాతిదంతా ఉంది. మధ్యలో ఎనిమిది నెలలు ఖాళీ. ఆ ఎనిమిది నెలలూ ఎనెయిదా ఎక్కడుంది? చంద్రలోకంలోనా?

ఆమె ఇల్లంతా వెతికింది. ఒక్క కాగితమైనా లేదు. అంత శుభ్రంగా చింపేసింది మరి! చివరికి మతిపోయి, మా వీధి చివర నిలబడ్డ పోలీసు దగ్గరికి తనంతట తానే పరుగెత్తింది. నేను కత్తెర ఆపి గుమ్మంలోకొచ్చాను.

"అయ్యా, మూడేళ్ళ కిందట ఇక్కడ డ్యూటీలో ఉన్నది మీరేనా?"

"నేనేనమ్మా."

"అప్పుడు నన్ను చూసే ఉంటారు. కొంచెం అనుమానంగా చూసినా చాలు. చూశానని రాసిస్తారా?"

ఆ పోలీసు ఆమెను ఎగాదిగా చూశాడు. "మిమ్మల్ని నేనెప్పుడూ చూడలేదమ్మా. ఏదన్నా తప్పు చేశారా?"

"లేదండీ. ఒక్కటీ చెయ్యలేదు."

"అయ్యో!" అన్నాడు మంచివాడు, నిజంగానే బాధపడుతూ. "చిన్న జరిమానా పడి ఉన్నా తారీఖు దొరికేది."

ఎనెయిదా నా సెలూనులో కూర్చుని ఏడ్చింది. "మూడేళ్ళు ఎవరికీ కనపడకుండా ఉండటానికి చచ్చానన్నా. నిజంగానే ఎవరికీ కనపడలేదు!"

ఆమెను గట్టెక్కించింది మళ్ళీ దోన్యా ఫెలిసానే. ఇంటికెళ్ళాకా ఆగని ఏడుపు విని కారణం అడిగి, కాసేపు కళ్ళు మూసుకుని, ఒక్కసారిగా అరిచింది. "ఒసే, నేను తుంటి విరగ్గొట్టుకున్నది ఎప్పుడే?"

ఆ ఎనిమిది నెలల మధ్యలోనే! అంబులెన్సులో తోడు వెళ్ళింది ఎనెయిదా. ఆసుపత్రిలో పంతొమ్మిది రాత్రులు కుర్చీలో పడుకుంది ఎనెయిదా. రమీరో ఆ వారాలు సముద్రతీరంలో సెలవుల్లో ఉన్నాడు కాబట్టి "తోడు ఉన్నవారు" అన్న చోట పూర్తి పేరు, పాస్‌పోర్టు నంబరుతో సహా సంతకం పెట్టిందీ ఎనెయిదానే. ఆసుపత్రివాళ్ళు వెతికి నకలు ఇచ్చారు.

"చూశావా, నీకోసమే పడ్డానే!" అని దోన్యా ఫెలిసా ఇరుగుపొరుగందరికీ చెప్పుకుంది. "చాలకపోతే రెండో తుంటి కూడా ఉంది."

దరఖాస్తు వెళ్ళింది. అప్పుడు లాయరమ్మ అసలు సంగతి చెప్పింది. జవాబు రావడానికి నెలలు పడుతుంది. ఈలోగా పనిచ్చే మనిషి పోతే ఒప్పందమూ పోతుంది. మళ్ళీ ఇంకొకరిని వెతుక్కోవాలి.

పనిచ్చే మనిషికి అప్పటికి ఎనభై తొమ్మిది.

"అయితే చావను," అంది దోన్యా ఫెలిసా, వేళకు మందు వేసుకుంటానన్నంత తేలిగ్గా.

జనవరిలో సియెర్సో అనే ఇక్కడి చలిగాలి ఎముకలు కొరుకుతుండగా ఆమెకు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరు రమీరోను పక్కకు పిలిచి, ఆశ పెట్టుకోవద్దన్నాడు. ఎనెయిదా మంచం పక్కన కూర్చుని, ముసలమ్మ చెయ్యి పట్టుకుని, "నా నివాస కార్డు సంగతి వదిలెయ్యండి దోన్యా ఫెలిసా. మీరు కష్టపడకండి," అంది. ఆ మాట ఆమె మనస్ఫూర్తిగానే అంది. నేను అక్కడే ఉన్నాను.

ముసలమ్మ ఒక కన్ను తెరిచింది. "ఉత్తరం వచ్చిందా?"

"లేదండీ."

"అయితే సూపు తే."

ఏప్రిల్లో ఉత్తరం వచ్చింది. మంజూరు! ఏడాదిపాటు చెల్లుతుందట. ఇక కార్డు కోసం వేలిముద్రలు ఇస్తే చాలు. చక్రాల కుర్చీలో దోన్యా ఫెలిసాను కూర్చోబెట్టుకుని ముగ్గురం ఆ ఆఫీసుకు వెళ్ళాం.

గుమాస్తా యంత్రం మీద వేలు పెట్టమన్నాడు. యంత్రం ఎర్రగా మెరిసింది. ఇంకో వేలు. ఎరుపు. గుడ్డతో తుడిచాడు. తడి చేశాడు. తన చేతి క్రీము రాశాడు. పది వేళ్ళూ అయ్యాయి. అతను ఆమె చెయ్యి వెలుతురులోకి తిప్పి చూసి తల ఊపాడు.

"ఈమెకు గీతల్లేవు. పూర్తిగా అరిగిపోయాయి. మీ వేలిముద్రలు ఏమయ్యాయమ్మా?"

ఎనెయిదా సిగ్గుతో చేతులు వెనక్కి పెట్టుకుంది.

"నన్నడుగు, చెప్తాను!" దోన్యా ఫెలిసా గొంతుకు ఆఫీసంతా తిరిగి చూసింది. "మా ఇంటి గచ్చు మీద ఉన్నాయి. బాత్రూము పలకల మీద ఉన్నాయి. మిగిలినవి నా వీపు మీద ఉన్నాయి, రోజూ రుద్దుతుంది కదా. చూస్తావా?" అని స్వెట్టరు బొత్తాలు విప్పడం మొదలుపెట్టింది.

గుమాస్తా కంగారుపడి, "వద్దు వద్దు! ఇంకోసారి చూద్దాం!" అంటూ ఎడమ చేతి చిటికెన వేలు నొక్కిపట్టాడు. ఈసారి యంత్రం పచ్చగా మెరిసింది.

కార్డు వచ్చింది. ఎనెయిదా ఆ జూలైలో కూతురిని చూసి వచ్చింది కూడా. కాబట్టి పాఠకులారా, ఈ ఏర్పాటులో వంక పెట్టడానికి నాకేమీ కనపడదు. ఒక్కటే చిన్న విన్నపం. ఈసారి ఎవరైనా దరఖాస్తు పెట్టుకుంటే అధికారులు మూడేళ్ళ కాగితాలు అడక్కుండా, ఈ ఊళ్ళో ముసలివాళ్ళను ఒక్కసారి వరసగా నిలబెట్టి వీపులు చూస్తే చాలు.