మూత తీయలేనివారికే నూనె

వయసు మళ్లినవారి కండ జాతి సంపద. దాన్ని ఎవరికివారు ఇంట్లో పెట్టుకుని ఇష్టమొచ్చినట్టు అరగదీసుకోవడం ఇకపై చెల్లదని కండరాల పరిరక్షణ శాఖ తీర్మానించింది. (అలాంటి శాఖ ఒకటుందని చాలామందికి తెలియదు. అందులో పనిచేసేవారికి కూడా జీతాల రోజున తప్ప గుర్తుండదు.) తిండిలో మంచి కొవ్వు లేకపోతే ఆ వయసులో కండ కరిగిపోతుందని నిపుణులెవరో చెప్పడంతో, బలహీనులైన పెద్దలందరికీ నెలకో సీసా మేలురకం నూనె ఇవ్వాలని నిర్ణయమైంది.

బలహీనత తేల్చే పద్ధతి సులువు. ఆ నూనె సీసానే చేతికిస్తారు. మూత తీయగలిగితే బలవంతులు, నూనె అక్కర్లేదు. తీయలేకపోతే సీసా ఇంటికి పట్టుకెళ్లొచ్చు. ఇంటికెళ్లాక మూత ఎవరు తీస్తారన్నది వేరే శాఖ పరిధి.

మా మామయ్యకు ఆ నూనె నిజంగానే కావాలి. అత్తయ్య మంచాన పడింది. రోజూ పొద్దున్నే ఆవిణ్ణి లేపి కుర్చీలో కూర్చోబెట్టేది ఆయనే. ఈమధ్య చేతుల్లో పట్టు తగ్గుతోంది. ఏదో ఒకరోజు జారవిడుస్తానేమోనని ఆయనకు భయం, నాకూ భయమే.

ఆఫీసుకు నేనే తోడు వెళ్లాను. మొదటిసారి మామయ్య అలవాటుకొద్దీ మూత తీసేసి, సీసాను అధికారిణికి మర్యాదగా అందించాడు. దరఖాస్తు తిరస్కరించారు. రెండోసారి పళ్లు బిగించి, మూలిగి, మూత ముందు ఓడిపోయాడు. నటన కాస్త శ్రుతి మించినా, బలహీనుడని ధ్రువీకరించి సీసా చేతిలో పెట్టారు.

ఇంట్లో బరువులేమైనా ఎత్తుతుంటారా అని అధికారిణి ఆప్యాయంగా అడిగింది.

"బరువులేం లేవమ్మా. మా ఆవిడని లేపుతాను, అంతే."

"అదీ బరువు కిందకే వస్తుంది బాబాయ్ గారూ. బలహీనులు బరువులెత్తకూడదు. మేమే మనిషిని పంపిస్తాం."

ఎప్పుడంటే, ఆ పోస్టు ఇంకా మంజూరు కాలేదంది. పోనీ ఆ పనేదో తనకే ఇవ్వమన్నాడు మామయ్య. దానికి బలవంతుడన్న ధ్రువపత్రం ఉండాలట. మొన్నటి తిరస్కరణ కాగితం చూపిస్తే, కొత్త బలహీనత వచ్చాక పాత బలం చెల్లదంది.

ఇప్పుడు ఇంటికి తనిఖీవాళ్లు వస్తున్నారు. అందుకని మామయ్య తలుపు గడియపెట్టి, తెర లాగి, కట్టుకున్న భార్యను దొంగచాటుగా లేపుతున్నాడు. లేపుతుండగా పట్టుబడితే నూనె ఆపేస్తారు. అత్తయ్య కుర్చీలో కూర్చున్నాక చూస్తే, పథకం ఫలించిందని రాసుకుని వెళ్లిపోతారు.