మొక్కో కాదో తేల్చిన తొండ

ఒక పెద్ద అడవిలో చాలా చిన్న ఉద్యోగిని నేను. జాతి తొండ, హోదా సభా కార్యదర్శి. మొక్కల గురించి నాలుగు ముక్కలు తెలుసని కాస్త గర్వం కూడా ఉండేది.

ఆ ఏడు ఎండలకి కొండ కింద ఊటలో నీళ్ళు తగ్గాయి. కారణం మా సభాధ్యక్షులు ఏనుగుగారు కనిపెట్టారు. "ఊట పైనున్న బండంతా నాచు పట్టింది. మన నీళ్ళు అదే తాగేస్తోంది. గీకించేద్దాం."

ఆ నాచులో కాపురముంటున్న కప్ప లేచింది. "అయ్యా, అదీ మొక్కే. మొక్కల్ని పీకకూడదని చట్టం చేసింది మీరే కదా."

"మొక్కో కాదో నువ్వు తేల్చవయ్యా," అని ఏనుగుగారు నన్ను పంపారు.

మూడు రోజులు బండ మీద బోర్లా పడుకుని చూశాను. టేకుచెట్టు లాగే నాచూ పచ్చగా ఉంది. ఎండని పట్టి తన తిండి తానే వండుకుంటోంది. టేకు తన పిల్లని గింజలో దాచి సాకినట్టే, నాచు తన ఒంట్లో దాచి సాకుతోంది. పోలికలు రాయడానికి మూడు ఆకులు పట్టాయి. తేడా ఒక్క వాక్యం, నాలుగో ఆకు మీద. చెట్టు లోపల నీళ్ళు మోసే సన్నటి గొట్టాలున్నాయి, నాచుకి లేవు, అది ఒళ్ళంతా నీళ్ళు పీల్చుకుంటుంది.

ఏనుగుగారు తేడా ఉన్న ఆకు ఉంచుకుని, మిగతా మూడూ నమిలేశారు. అలవాటో, ఆలోచనో తెలీదు.

"పోలికలు ఎవరడిగారు? గొట్టం లేనిది మొక్కెలా అవుతుంది?"

కప్ప నా వైపు చూసింది. "తొండన్నా, నువ్వు కళ్ళారా చూశావు. చెప్పు."

చెబుదామనే నోరు తెరిచాను. ఈలోగా తల ఊగింది. తల ఊగడం మా జాతి లక్షణమే కానీ, ఆ రోజు ఆపుకోవాలని నేను ప్రయత్నించలేదు. సభ దాన్ని అంగీకారంగా నమోదు చేసింది. నమోదు చేసింది నేనే.

అడవిపందులు ఒక్క పూటలో బండని నున్నగా గీకేశాయి. కప్ప సంసారాన్ని వెంటబెట్టుకుని కొండ అవతలి మడుగుకి వెళ్ళిపోయింది.

వానలొచ్చాయి. వాననీటిని పట్టి ఉంచి చుక్కచుక్కగా వదిలే నాచు లేదు. నీళ్ళు ఒక్కసారిగా జారి, పైనున్న మట్టినంతా తెచ్చి ఊట నోట్లో కుక్కాయి. వారంలో ఊట మూసుకుపోయింది. ఇప్పుడు ఏనుగుగారితో సహా అందరం కొండెక్కి దిగి ఆ మడుగులోనే తాగుతున్నాం.

నిన్న అక్కడ కప్ప అడిగింది. "ఆయన నమిలేసిన ఆకుల్లో ఏం రాశావు?"

చెప్పాను. మొత్తం విని, "బాగా రాశావు," అంది. తిట్టినా బాగుండేది.

ఊట ఎందుకు మూసుకుపోయిందో తేల్చడానికి ఏనుగుగారు విచారణ సంఘం వేశారు. దానికీ కార్యదర్శిని నేనే.

నీతి: నిజాన్ని ఆకు మీద రాసి ఊరుకుంటే, ఊట పోయినా ఉద్యోగం పోదు.